మరొకరి చేద పడని నుయ్యి

యాత్ర అనే మాట కాశీకో రామేశ్వరానికో వెళ్లొచ్చినవాళ్లు వాడుకోవాలి. నేను దసరా సెలవుల్లో రాజమండ్రి నుంచి చీపురుపల్లి వైపు వెళ్లింది అద్దె ఇంటి కోసం. నిజం చెప్పాలంటే ఇంటి కోసం కూడా కాదు, నూతి కోసం. పుణ్యమేమీ రాలేదు. చెప్పులు అరిగాయి, ఒక సీసాడు నీళ్లు వచ్చాయి. అటువైపు వెళ్లనివాళ్లు చదువుతారని రాస్తున్నాను.

బయల్దేరే ముందు

మేం ఉండేది వరసగా నాలుగు వాటాలున్న పెంకుటింట్లో. నాలుగు వాటాలకీ పెరట్లో ఒకటే నుయ్యి. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. మాకు పిల్లలు లేరు. నా భార్య సుభద్రకి ఆ నుయ్యే సినిమా హాలు, అదే పత్రిక. నీళ్లు తోడుకోవడానికి వెళ్లిందంటే కబుర్లన్నీ తోడుకుని గానీ వచ్చేది కాదు. పక్క వాటా కామేశ్వరీ, ఈవిడా నూతి గట్టు మీద కూర్చుని ఉప్పు దగ్గర్నుంచి ఊరి సంగతుల దాకా మాట్లాడుకునేవారు.

వానలు మొదలవుతూనే కలరా వచ్చింది. ఈ కలరా మన దేశంలో పుట్టింది కాదట, ఎక్కడో సముద్రాల మధ్య దీవుల్లో బయల్దేరి ఒక్కొక్క దేశమే తిరుగుతోందట. పత్రికల్లో రాశారు. మా సందుకి దారి దానికి ఎవరు చెప్పారో తెలియదు. కామేశ్వరి కూతురు బుజ్జి, ఐదేళ్లది, ఒక్క పగట్లో పోయింది. నేను స్కూల్లో ఉన్నాను. కామేశ్వరి భర్త రైల్లో తపాలా సంచులు సర్దే ఉద్యోగి, ఆ రోజు డ్యూటీ మీద ఎక్కడో ఉన్నాడు. మిగతా రెండు వాటాలవాళ్లూ అప్పటికే భయపడి తలుపులకి తాళాలేసి వెళ్లిపోయారు. సుభద్ర ఒక్కతే ఇంట్లో ఉంది. తలనొప్పితో ముసుగు పెట్టి పడుకున్నాననీ, కామేశ్వరి సాయానికి పిలిచిందట గానీ తనకి వినపడలేదనీ నాతో చెప్పింది.

బుజ్జి సాయంత్రాలు మా వసారాలో నా సుద్దముక్కలతో ఏనుగుల్ని గీసేది. దాని ఏనుగంటే ఒక సున్నా, నాలుగు గీతలు. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, అంత ఇష్టంగా గీసిన పిల్లని నేను చూడలేదు. ఆ గీతల్ని తుడవడానికి చాలా రోజులు నాకు చేతులు రాలేదు.

తర్వాత సుభద్ర మారిపోయింది. పెరట్లో మా వాటాకీ కామేశ్వరి వాటాకీ మధ్య తాటాకు తడిక కట్టించింది. కొత్త చేద కొంది. నూతి దగ్గర ఎవరూ లేని వేళ చూసి వెళ్లేది. తోడిన నీళ్లని రెండుసార్లు కాచేది. కామేశ్వరితో మాట్లాడటం మానేసింది. ట్రంకు పెట్టెలో బట్టలు సర్ది, మంచం కింద పెట్టి, రోజూ అందులోంచే చీర తీసి కట్టుకునేది. తిండి సరిగా లేదు. ఒక రోజు తేల్చి చెప్పింది: మరొకరి చేద పడని నుయ్యి ఉన్న ఇల్లు కావాలి, అలాంటివి తమ వైపు దొరుకుతాయి, వెళ్లి చూసి రమ్మంది. ఉద్యోగం మాటేమిటన్నాను. బదిలీ పెట్టుకోమంది, రాకపోతే నేనిక్కడా తనక్కడా ఉందామంది. పాతికేళ్ల కాపురం ఒక నూతి దగ్గర రెండుగా చీలేటట్టుంది. నేను సంచీ సర్దుకున్నాను. సంచీలో కడిగి ఆరబెట్టిన కొబ్బరినూనె సీసా ఒకటి పెట్టింది, చూసిన నూతి నీళ్లు రుచికి పట్టుకు రావాలట.

విజయనగరంలో వేడినీళ్లు

సుభద్రది చీపురుపల్లి పక్క పల్లెటూరు. పెళ్లికీ, పండక్కీ నేను అటు వెళ్లింది మూడే మూడుసార్లు. కొత్తల్లుడి మర్యాదలతో గది దాటి బయటికి రాలేదు కాబట్టి ఆ దేశం నాకు తెలియదనే చెప్పాలి.

విజయనగరంలో దిగేసరికి బాగా ఎండెక్కింది. అక్కడి అమ్మవారి సిరిమాను పండగకి జనం అప్పుడప్పుడే దిగుతున్నారు. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాను. పావలాకి రెండు, మా వైపు వాటికంటే పెద్దవి. పచ్చడిలో ఆవ ఘాటు ముక్కుకి తగిలింది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలింది. గోడ మీద "ఇచట కాచిన నీళ్లు మాత్రమే" అని బొగ్గుతో రాసి ఉంది. చల్లారబెట్టి ఇవ్వచ్చు కదా అంటే, చల్లారినవి ఇస్తే కాచామని ఎవరూ నమ్మడం లేదని యజమాని విసుక్కున్నాడు. నాలిక కాల్చుకుని, పొగ కంపు నీళ్లు తాగి, నమ్మాను.

ఈయనకి కోట వైపు పాత వీధిలో సొంత ఇల్లు ఉందట. దాన్ని అమ్మేసి ఊరి బయట తోటల్లో స్థలం కొంటున్నానన్నాడు. డబ్బున్నవాళ్లందరిదీ అదే దారి. ఇదివరకు ఇల్లు చూడ్డానికి వస్తే గుడి ఎంత దూరం, బజారు ఎంత దూరం అని అడిగేవారట. ఇప్పుడు పక్కింటి మురుగు ఎటు పారుతుందని అడుగుతున్నారట.

రాత్రి బస చేసిన సత్రంలో నా పక్క మంచం సాలూరు లారీ డ్రైవరుది. ఆ మంచం మీద సామాను మాత్రమే పెట్టాడు. పడక లారీలోనే. తన పడక, నీళ్ల పీపా, కిరసనాయిలు పొయ్యి అన్నీ అందులోనే ఉన్నాయి. జబ్బున్న ఊళ్లో బండి ఆపడట. పెళ్లాం అలిగి పుట్టింటికి వెళ్లింది, లారీలో కాపురం ఆమెకి నచ్చలేదు. నేను నూతి కోసం తిరుగుతున్నానని చెప్తే జాలిపడ్డాడు. నుయ్యి కదలదు కదా బాబూ అన్నాడు.

ఎండుచేపల బుట్ట

మర్నాడు చీపురుపల్లికి పాసింజరు ఎక్కాను. అది కదలడమూ నిలబడటమూ రెండూ ఒకేలా ఉన్నాయి. నా ఎదుట ఎండుచేపల బుట్టతో ఒకావిడ కూర్చుంది. సముద్రపొడ్డు పల్లె నుంచి సంతకి వెళుతోంది. బుట్ట వాసనకి మిగతావాళ్లు దూరంగా జరిగితే ఆవిడ సుఖంగా కాళ్లు చాపుకుంది.

మాటల్లో పెట్టాను. వాళ్ల పల్లెలో ఒక్క వారంలో చాలామంది పోయారట. చాలామంది అంటే ఎంతమందని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇప్పుడు పల్లెలో కుర్రకారంతా తారురోడ్డు పక్కకి పాకలు మార్చేద్దామంటున్నారు. పడవలు ఇక్కడా, ఇళ్లు అక్కడా పెట్టుకుని చేపల వేట ఎలాగని ముసలాళ్లు తగువాడుతున్నారు. సముద్రపు గాలి ఆరోగ్యమంటారే, దాన్ని వదిలి రోడ్డు దుమ్ములోకి పోతారా అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"సముద్రం గాలి మంచిదని వొచ్చినోళ్లందరూ సెప్తారు బాబూ. ఆసుపత్రి గాలి ఇంకా మంచిది."

విజయనగరంలోవాళ్లు ఊరి బయటికి, సముద్రం దగ్గరవాళ్లు రోడ్డు మీదికి, లారీ డ్రైవరు ఎక్కడికీ కాకుండా, నేను చీపురుపల్లికి. అందరం ఒకళ్లు ఖాళీ చేసిన చోటు కోసం ఇంకొకళ్లం పరుగులు పెడుతున్నాం. నాకు చాలా అలసటగా అనిపించింది. ప్రయాణం ఇంకా మొదలే.

తరవాణి లేని ఇల్లు

చీపురుపల్లి స్టేషనుకి నా బావమరిది సింహాచలం వచ్చాడు. సుభద్ర తమ్ముడు, వరీ గోగూ పండిస్తాడు. స్టేషను దిగగానే గోగు వాసన గుప్పుమంది. నార తియ్యడానికి గోగుకట్టల్ని చెరువుల్లో ఊరేస్తారు. ఆ కుళ్లు వాసనకి నేను ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. సింహాచలం దాన్ని సాంబ్రాణి పొగలా పీల్చాడు. ఆ వాసన గట్టిగా ఉంటే నార బాగా వచ్చినట్టట.

అతను ఊళ్లో ఇల్లు వదిలి, భార్య రాములమ్మతో సహా కళ్లంలో వేసుకున్న పాకలోకి మారిపోయాడు. జబ్బు రోజుల్లో మారినవాళ్లు, తగ్గాక కూడా తిరిగి వెళ్లలేదు. కళ్లాల్లో పాకలు చాలా కనిపించాయి. పగలు కుప్పలు, రాత్రి దీపాలు. ఊరు మాత్రం సగం చీకటి.

పొద్దున్నే రాములమ్మ చోడి అంబలి, అంటే రాగి జావ, పెట్టింది, పక్కన కాల్చిన ఎండుమిరపకాయ. బాగుంది. సింహాచలం మాత్రం మొహం వేలాడేసుకుని తాగాడు. సంగతేమిటంటే, వాళ్లింట్లో తరవాణి కుండ ఉండేది. గంజి పోస్తూ, పులియబెడుతూ, ఆ పులుపు తెగిపోకుండా వాళ్లమ్మ కాలం నుంచీ వస్తున్న కుండ. మా గోదావరి వైపూ తరవాణి ఉంది గానీ ఇంత భక్తి లేదు. టీకాలవాళ్లు వచ్చి నిలవ నీళ్లన్నీ పారబొయ్యమంటే రాములమ్మ ఆ కుండ తీసుకెళ్లి దిబ్బ మీద బద్దలు కొట్టేసింది. అత్తగారిని రెండోసారి దహనం చేసినట్టుందని తనే నవ్వుతూ చెప్పింది. చెప్తుంటే కళ్లు చెమర్చాయి. మళ్లీ ఒక కుండ పెట్టొచ్చు కదా అన్నాను. పెడితే పులుస్తుంది గానీ అది ఆ పులుపు కాదన్నాడు సింహాచలం.

ఇంటి సంగతి ఎత్తాను. తమ ఊళ్లో సొంత నుయ్యి ఉన్న ఇల్లేదీ లేదన్నాడు. దగ్గర్లో ఇంకో ఊళ్లో ఒకటి రెండున్నాయి. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, వాళ్లకి కోపం వస్తుంది. "వలస" అనే మాటతో ముగుస్తుందని మాత్రం చెప్తాను. ఆ వైపు అదేమీ ఆనవాలు కాదు. ఏ బండి దారి పట్టినా ఏదో ఒక వలసే వస్తుంది. ఇన్ని వలసలేమిటయ్యా అని అడిగితే సింహాచలం తాపీగా చెప్పాడు.

"మన తాతలు ఏ కరువుకో ఏ రోగానికో బెదిరి ఎక్కడినించో లేసొచ్చి ఇక్కడ దిగినారు బావా. వలసొచ్చి దిగితే వలస. ఇక్కడ అందరం పారిపోయొచ్చినోళ్లమే. కొందరం ముందొచ్చినాం, అంతే."

పొలిమేర రాయి

మధ్యాహ్నం ఎడ్లబండి మీద బయల్దేరాం. సగం దారిలో చక్రం సీల ఊడి ఎక్కడో పడిపోయింది. సింహాచలం దాన్ని వెతకడానికి వెనక్కి వెళుతూ, నన్ను తిన్నగా గట్టు వెంట నడుస్తూ ఉండమన్నాడు, ఊరు అదేనట.

కొంత దూరం నడిచాక దారి సన్నబడింది. రెండు పక్కలా వరిచేలు. దారి మధ్యలో ఒక చిన్న బండి ఉంది. మూరెడు పొడుగు, చెక్క చక్రాలు, పసుపు పూసిన కాడి. అందులో కొత్త చేట, ఒక చీపురు, గాజుముక్కలు, నిమ్మకాయలు, మూతికి గుడ్డ కట్టిన బుల్లి ముంత. ఏదో పూజ అయిపోయాక పిల్లలు ఆడుకుని వదిలేశారనుకున్నాను. వెనక సింహాచలం బండి వస్తుంది, దీన్ని తొక్కేస్తుంది. పనితనం చూస్తే పాడుచెయ్యబుద్ధి కాలేదు. రెండు చేతులతో ఎత్తి, కొంచెం అవతల కుంకుమ బొట్లున్న రాయి దాటాక తాటిచెట్టు నీడలో నేల చదునుగా ఉంటే, అక్కడ పెట్టాను. వాలుకి దొర్లిపోకుండా ఊరి వైపు తిప్పి మరీ పెట్టాను. అంతటితో ఆగానా, ఎదురుగా కూర్చుని బొమ్మ గియ్యడం మొదలుపెట్టాను. డ్రాయింగు మాస్టారి బుద్ధి.

గడ్డి కోస్తున్న ఒకావిడ నన్నూ బండినీ చూసింది. మోపు అక్కడే వదిలేసి, ఊళ్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి పది పదిహేనుమంది మగాళ్లు వచ్చి తాటిచెట్టుకి అవతల దూరంగా నిలబడ్డారు. సరిగా అప్పుడే సింహాచలం బండితో వచ్చాడు. వాడి మొహం చూశాక నాకు అర్థమైంది, నేను చెయ్యకూడనిదేదో చేశానని.

అది జబ్బు తల్లి బండి. పక్క ఊళ్లో కలరా తగ్గాక, ఆ తల్లిని సామానుతో సహా బండిలో కూర్చోబెట్టి పొలిమేర దాకా సాగనంపారు. ఈ ఊరివాళ్లు తమ మొక్కులు చెల్లించి, డప్పులతో దాన్ని ఊరి బయటి దారినే తిప్పి, అవతలి పొలిమేర దాటించాలి. అందాకా అది రాయి దాటి లోపలికి రాకూడదు. నేను చేతులతో ఎత్తి లోపలికి తెచ్చాను. పైగా ఊరి వైపు తిప్పి పెట్టాను.

మా రాజమండ్రిలో ఇలాంటప్పుడు మునిసిపాలిటీవాళ్లు తెల్ల పొడి చల్లి వెళ్లిపోతారు. జబ్బు అవతలి వీధికి పోతే అది అవతలి వీధి గొడవ. నాకు నవ్వు రావాలి గానీ రాలేదు. ఆ మనుషుల మొహాల్లో ఉన్నది భయమే, మా సందులో అందరి మొహాల్లోనూ నేను చూసిన భయమే అది.

ఊరిపెద్ద అప్పలనాయుడు ముసలాయన. కోపగించుకోలేదు, బాగా అలిసిపోయినట్టున్నాడు. రాయి మీద చెయ్యి ఆనించి నిలబడి, నేనెవరో, ఎందుకొచ్చానో అడిగాడు. చెప్పాను. మీ ఊళ్లో ఈ జబ్బు వచ్చిందా అన్నాడు. వచ్చిందన్నాను. మీ దగ్గరవాళ్లెవరైనా పోయారా అన్నాడు. పక్క వాటాలో చిన్నపిల్ల పోయిందన్నాను. తలూపాడు.

"మా నీళ్లు మంచివో కావో సూడ్డానికి వొచ్చినావు. మరి నిన్ను మేం ఏటని సూడాలి బాబూ?"

జబ్బు లేని చోటు వెతుక్కుంటూ జబ్బున్న చోటు నుంచి వచ్చినవాణ్ణి నేను. ఆ మాట నాకు రైలెక్కేముందు తట్టలేదు.

బండి లాగుడు

పెద్దలు పక్కకి వెళ్లి మాట్లాడుకుని తీర్పు చెప్పారు. తెచ్చినవాడే తీసుకుపోవాలి. ఊళ్లోంచి కాదు, చుట్టూ బయటి దారిన, అవతల గెడ్డ దాకా. వాగుని అక్కడ గెడ్డ అంటారు. సింహాచలం నా బదులు తను లాగుతానంటే ఒప్పుకోలేదు. చొక్కా విప్పి, తడిగుడ్డ చుట్టుకుని, బొట్టు పెట్టించుకుని తాడు పట్టుకున్నాను. ముందు ఒక డప్పు, వెనక అప్పలనాయుడు, ఆ వెనక మా బావమరిది.

మూరెడు బండి అంత బరువుంటుందని నాకు తెలియదు. ప్రతి గట్టు దగ్గరా చక్రం ఊడేది. కూర్చుని బిగించి మళ్లీ లాగడం. కాళ్లకి ముళ్లు గుచ్చుకున్నాయి, వీపు మీద ఎండ మండింది. నా విద్యార్థులెవరైనా చూస్తే ఏమవుతుందా అని మొదట సిగ్గుపడ్డాను. తర్వాత అదీ పోయింది.

ఊరి చివర ఇళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బండిలో ఏదో ఒకటి వేశారు. పాత చీపురు, చిరుగు గుడ్డ, గుప్పెడు బియ్యం. "పోయి రా తల్లీ" అని దణ్ణం పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. ఒకావిడ మాత్రం నిలబడిపోయింది. చేతిలో పసిపిల్ల వేసుకునే నల్ల గాజులు రెండున్నాయి. వెయ్యబోయి ఆగింది, మళ్లీ చెయ్యి చాపింది. అప్పలనాయుడు తొందర పెట్టలేదు. చివరకి వేసింది. నాకు వసారాలో సుద్దతో గీసిన ఏనుగు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. తాడు పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను. ఎవరూ వింతగా చూడలేదు. అక్కడ అది బండి లాగడంలో భాగమే అనుకున్నారు.

గెడ్డలో మోకాలి లోతు నీళ్లున్నాయి. బండిని దింపితే రెండు చుట్లు తిరిగి మెల్లిగా కిందికి సాగింది. ఇది ఎక్కడికి పోతుందని అడిగాను. సముద్రంలోకి అన్నాడు అప్పలనాయుడు. రైల్లో కలిసిన చేపలావిడ పల్లె కూడా సముద్రం పక్కనే కదా అనుకున్నాను, పైకి అనలేదు. ఆయన నాకేసి చూసి, ఈ ఏడాది ఊళ్లో ఇల్లు ఇవ్వలేమనీ, గెడ్డ పక్కన సూరమ్మ ఇల్లుందనీ, అది ఊరి కిందికి రాదు కాబట్టి నా ఇష్టమనీ చెప్పి, డప్పతనితో వెళ్లిపోయాడు.

సూరమ్మ నుయ్యి

చేల మధ్య ఒంటిగా ఒక మట్టిల్లు. తాటాకు కప్పు, అలికిన అరుగు, గుమ్మం ముందు రాతితో కట్టిన నుయ్యి. తొంగి చూశాను. అడుగున ఇసుక కనిపిస్తోంది. సుభద్ర చెప్పిన నుయ్యి ఎలా ఉంటుందని నేను ఇన్నాళ్లూ ఊహించుకున్నానో అచ్చం అలాగే ఉంది. బొమ్మ గీసి ఇమ్మన్నా ఇంత బాగా గియ్యలేను.

సూరమ్మకి అరవై దాటి ఉంటాయి. ఆవిడదీ మొగుడిదీ ఆ ఊరే. కొన్నేళ్ల కిందట ఇలాగే జబ్బొస్తే, వీధి నూతి మీద నమ్మకం పోయి, పొలంలో నుయ్యి తవ్వుకుని ఇక్కడికి వచ్చేశారు. ఆడపిల్లల పెళ్లిళ్లు ఇక్కణ్ణించే చేశారు. చేద అందించింది. తోడుకుని తాగాను. కాచని నీళ్లు అన్ని నెలల తర్వాత అదే తాగడం. చల్లగా, తియ్యగా ఉన్నాయి. కడుపునిండా తాగి అరుగు మీద వాలిపోయాను.

నా సంగతి వినగానే ఆవిడ ఇల్లు తీసుకోమంది. బేరం లేదు, ఆలోచన లేదు. ఇంత మంచి నుయ్యి వదిలి ఎక్కడికెళతావమ్మా అన్నాను. ఊళ్లోకే అంది, చెల్లెలి ఇంటి పంచలోకి.

అప్పుడు చెప్పింది. ఈ వానల్లో వాళ్లాయన చీపురుపల్లి సంతకి వెళ్లి, అక్కడేదో తాగి వచ్చాడు. మర్నాడు పొద్దెక్కేసరికి వాంతులు, విరేచనాలు. ఒంట్లో నీళ్లన్నీ పోయి గుడ్డలా అయిపోయాడు. వదిలి ఊళ్లోకి పరిగెడితే వచ్చేసరికి ఉంటాడో ఉండడో. వదలకుండా కూర్చుంటే బండి ఎవరు తెస్తారు? నూతి గట్టెక్కి ఊరి వైపు కేకలేసింది.

"నుయ్యి మంచిదే బాబూ. నా సేద తప్ప ఇంకో సేద పడనేదు. ఆ పొద్దు నాను కేకేస్తే అదొక్కటే పలికినాది."

ఆవిడ ఏడవలేదు. అరుగు మీద గడ్డిపరకలు ఏరుతూ చెప్పింది. ఊళ్లోకి పోతే మళ్లీ ఆ వీధి నీళ్లే కదా, భయం లేదా అన్నాను. ఉందంది. చెల్లెలి ఇంటి పక్కన ఒక ముసలాడు రాత్రంతా దగ్గుతుంటాడనీ, ఇదివరకు ఆ దగ్గంటే ఒళ్లు మండేదనీ, ఇప్పుడు ఆ దగ్గు వింటే చాలు నిద్ర పడుతుందనీ చెప్పింది.

సీసా నింపుకున్నాను. ఇల్లు మీదేనని సాగనంపుతూ అంది సూరమ్మ. రేపో మాపో మా ఆవిడతో మాట్లాడి కబురు చేస్తానన్నాను.

ఇల్లు

తిరుగు రైల్లో సీసాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు ముగ్గురు అందులో ఏముందని అడిగారు. నీళ్లంటే నమ్మలేదు.

సాయంత్రం ఇల్లు చేరాను. సుభద్ర కాళ్లు కడుక్కోవడానికి కాచిన నీళ్లే ఇచ్చింది. ట్రంకు పెట్టె మంచం కిందే ఉంది. సీసా మూత తీసి వాసన చూసి, కాస్త చేతిలో పోసుకుని తాగింది. మళ్లీ తాగింది. ఆవిడ మొహంలో అంత వెలుగు చూసి చాలా నెలలైంది. సగం పని గెలిచినట్టే అని సంతోషించాను. బదిలీకి ఎవరిని పట్టుకోవాలా అని కూడా ఆలోచించాను.

అన్నం తింటూ అంతా చెప్పాను. తరవాణి కుండ సంగతి చెప్తే నవ్వింది. నేను బండి లాగానంటే ఇంకా నవ్వింది. సూరమ్మ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. అక్కణ్ణించి ఊరు ఎంత దూరమని అడిగింది. కేక అందనంత అన్నాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ ఇల్లు చూసొచ్చినవాడు ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. నూతి గట్టెక్కి కేకలేసిన సంగతి కూడా చెప్పాను.

సుభద్ర పెరుగు వడ్డించబోయి గిన్నె కింద పెట్టేసింది. రాజమండ్రి వచ్చాక ఆవిడ మా మాటే నేర్చుకుంది. పుట్టింటి మాట, బాగా కోపం వచ్చినప్పుడో దుఃఖం వచ్చినప్పుడో తప్ప నోట రాదు.

"ఆ పొద్దు నాకు తలనొప్పి నేదు," అంది. "కామేశ్వరి కేకలు నాకు ఇనిపించినాయి. అన్నీ ఇనిపించినాయి. తలుపు గెడ పెట్టుకుని ఇక్కడే కూసున్నాను."

నేను చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి అలాగే కూర్చున్నాను. కోపం రాలేదు. ఆ స్థానంలో నేను ఉంటే తలుపు తీసేవాణ్ణని చెప్పడానికి నాకు ధైర్యం లేదు. ఆ పిల్ల మీద ప్రేమ మాత్రం తన్నుకొచ్చింది. ఈవిడ మీద కూడా. నీళ్లు రెండుసార్లు కాచిందీ, తడిక కట్టిందీ, పాతికేళ్ల కాపురం వదులుకుంటానందీ నూతికి భయపడి కాదని అప్పుడు తెలిసింది.

"ఏ నుయ్యి మార్సితే ఏటి?" అని తనే అనుకుంది.

లేచింది. సీసాలో మిగిలిన నీళ్లని రాగి చెంబులో వంచింది. పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. నేను లేవలేదు. తాటాకు తడిక కట్లు తెంపి పక్కకి లాగిన చప్పుడయింది. సుభద్ర వెళ్లి కామేశ్వరి తలుపు మెల్లిగా తట్టింది. లోపల్నుంచి ఏ అలికిడీ లేదు. మళ్లీ తట్టింది, ఈసారి పేరు పెట్టి పిలిచింది.

చాలాసేపటికి అటు పక్క గెడ తీసిన చప్పుడు నాకు వినిపించింది.